అలవాటవుతుందిలెండి

కొత్త కళ్ళజోడు వచ్చిన పద్ధెనిమిదో రోజు రాత్రి, తీసి పక్కన పెట్టడానికి బద్ధకించి, దాంతోనే ఎడమ చెంప దిండులో కుక్కుకుని పడుకున్నాను. ఎడమ కన్ను దిండులో మునిగిపోయింది. కుడి కన్ను ఒక్కటే ఎదురుగా గోడమీది కేలండర్ వైపు చూస్తోంది. పద్ధెనిమిది రోజులుగా నీడల్లా కనిపిస్తున్న అంకెలు ఒక్కసారిగా చెక్కినట్టు కనబడ్డాయి. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. మళ్ళీ మసక. మళ్ళీ పడుకున్నాను. మళ్ళీ స్పష్టం.

కాసేపు అలా లేస్తూ పడుకుంటూ గడిపాక విషయం తట్టింది. దిండు ఒత్తిడికి ఫ్రేము నా మొహం మీద ఏటవాలుగా జరుగుతోంది. అంటే కళ్ళజోడు వంకరగా పెట్టుకుంటే నాకు తిన్నగా కనిపిస్తోంది!

ఆ పద్ధెనిమిది రోజుల్లో అద్దాల షాపుకు రెండుసార్లు వెళ్ళొచ్చాను. రెండుసార్లూ వినిపించిన మాట ఒకటే. "కొత్త పవర్ కదా మేడమ్, అలవాటవుతుందిలెండి." నేను చెప్పదలుచుకున్నది ఈ మాట గురించే. ఇది అబద్ధం కాదు, అందుకే దీనితో చిక్కు. సగం సందర్భాల్లో నిజమే కాబట్టి, మిగిలిన సగంలో కూడా మనం నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోతాం.

అలవాటు శక్తి తక్కువదేమీ కాదు. 1890లలో జార్జ్ స్ట్రాటన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఒక కంటికి గంతలు కట్టి, ఇంకో కంటికి లోకాన్ని తలకిందులు చేసి చూపే కటకాలు తగిలించుకుని రోజుల తరబడి తిరిగాడు. ఆ ప్రయోగాల్లో పెద్దది 8 రోజులు సాగింది. మొదట్లో చెయ్యి ఎటు చాపాలో తెలియక తడబడ్డవాడు చివరికొచ్చేసరికి మామూలుగా మసలుకోగలిగాడు. తలకిందులైన లోకాన్నే సర్దుకున్న మెదడుకి, కొత్త అద్దాల వల్ల కాస్త ఏటవాలుగా కనిపించే నేల ఒక లెక్కా? మైనస్ పవర్ పెరిగితే వస్తువులు కొంచెం చిన్నవిగా కనిపిస్తాయి. సిలిండర్, అంటే కంటి గుండ్రదనంలో తేడాని సరిచేసే పవర్, మారితే తలుపు చట్రం పక్కకి ఒరిగినట్టుంటుంది, మెట్లు దిగేటప్పుడు అడుగు తడబడుతుంది. ఇవన్నీ సాధారణంగా కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు సర్దుకుంటాయి. షాపువాళ్ళు చెప్పేది వీటికి నూటికి నూరుపాళ్ళూ వర్తిస్తుంది.

కానీ మసక వేరు. వంపుని మెదడు తిరగ్గొట్టుకోగలదు, ఎందుకంటే బొమ్మంతా కంటి లోపల రెటీనా మీద ఉంది, ఆకారం మారిందంతే. మసకలో గీతల అంచులే రెటీనా దాకా చేరవు. లేని అంచుని మెదడు ఎక్కణ్ణుంచి తెస్తుంది? మసకకు అలవాటుపడటం అంటే ఆ కాస్త స్పష్టతనీ వదులుకోవడమే. కళ్ళు చికిలించడం, తల వంచి చూడటం, సాయంత్రానికి నుదురు పట్టేయడం కూడా ఆ 'అలవాటు'లోనే వస్తాయి. కాబట్టి కొత్త జోడు పెట్టుకున్నాక నన్ను నేను అడగాల్సిన మొదటి ప్రశ్న, వంకరగా ఉందా, మసకగా ఉందా అని. వంకరైతే రెండు వారాలు ఓపిక పట్టొచ్చు. మసకైతే, అదీ ఒక కంటికే అయితే, రెండో రోజే వెళ్ళొచ్చు. నేను ఈ తేడా తెలియక పద్ధెనిమిది రోజులు పోగొట్టుకున్నాను.

ఇంతకీ నా అద్దానికి ఏమైందో చెప్పాలంటే కళ్ళ పరీక్ష చీటీ చదవడం రావాలి. చాలామంది దాన్ని డాక్టరు రాసిన మందుల చీటీలాగే చూస్తారు. మనది కాదు, షాపువాడు చదువుకుంటాడు అని. నా కుడి కంటికి అందులో ఉన్నది ఇది: మైనస్ 1.50 స్ఫియర్, మైనస్ 2.00 సిలిండర్, యాక్సిస్ 165. మొదటి అంకె అన్ని వైపులా సమానంగా ఉండే పవర్. డయాప్టర్ లెక్కన ఉంటుంది, మీటర్లలో దూరానికి తిరగేసిన లెక్క. అంటే మైనస్ 2 ఉన్న మనిషికి అద్దాలు లేకుండా అరమీటరు దాకా స్పష్టం, ఆ పైన మసక. రెండో అంకె కంటి గుండ్రదనం ఒక దిక్కున ఎక్కువ, ఒక దిక్కున తక్కువ ఉండటాన్ని సరిచేసేది. మూడోది ఆ సరిచేసేదాన్ని ఏ కోణంలో నిలబెట్టాలో చెప్పేది, 1 నుంచి 180 లోపు ఉంటుంది. యాక్సిస్ పవర్ కాదు, దిక్కు. అందుకే దాన్నెవరూ పట్టించుకోరు. 165 అంటే పెద్ద సైటు వచ్చిందేమోనని కంగారుపడేవాళ్ళు మాత్రం నాకు ఇద్దరు తెలుసు!

(ఇక్కడే ఇంకో మాట. ఒకచోట ప్లస్ సిలిండర్, ఇంకోచోట మైనస్ సిలిండర్ రాస్తే రెండు చీటీలూ వేరని గొడవపడకండి. మైనస్ 2.00, ప్లస్ 1.00, యాక్సిస్ 90 అన్నా, మైనస్ 1.00, మైనస్ 1.00, యాక్సిస్ 180 అన్నా అద్దం ఒకటే. స్ఫియర్‌కి సిలిండర్ కలిపి, సిలిండర్ గుర్తు తిరగేసి, యాక్సిస్‌ని తొంభై జరపడమే. నేను ఒకప్పుడు ఈ గొడవ పడ్డాను, అందుకే చెప్తున్నాను.)

దిక్కు తప్పితే ఎంత నష్టం? మామూలుగా అనుకునేదానికంటే చాలా ఎక్కువ. సిలిండర్ 30 డిగ్రీలు పక్కకి తిరిగితే, అద్దం అసలు లేనప్పుడు ఎంత దోషం ఉందో అంతా మళ్ళీ మిగులుతుంది, కాకపోతే ఇంకో దిక్కున. 15 డిగ్రీలు తిరిగితే సగం మిగులుతుంది. నా రెండు డయాప్టర్ల సిలిండర్‌కి 15 డిగ్రీల తప్పు అంటే ఒక డయాప్టర్ దోషం కొత్తగా కొని తెచ్చుకున్నట్టు. తయారైన కళ్ళజోళ్ళకి ఐఎస్ఓ 21987 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. నాలాంటి సిలిండర్‌కి యాక్సిస్ తేడా రెండు మూడు డిగ్రీలు దాటితే ఆ అద్దం తప్పినట్టే లెక్క.

కేలండర్ రాత్రి తర్వాత మూడోసారి వెళ్ళాను. అంతకుముందు రెండుసార్లూ కౌంటర్లో అబ్బాయి నా అద్దాల్ని లెన్సోమీటర్ మీద, అంటే అద్దం పవర్ కొలిచే మెషీన్ మీద, పెట్టి చూసి "పవర్ కరెక్ట్‌గానే ఉంది మేడమ్" అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. స్ఫియర్ సరిగ్గా ఉంది. సిలిండర్ సరిగ్గా ఉంది. అతను ఫ్రేముని చేత్తో గాల్లో పట్టుకుని చూశాడు, కోణం ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా వచ్చింది. "యాక్సిస్ అలా కొంచెం అటూ ఇటూ చూపిస్తుందండి" అన్నాడు. నాకు నమ్మకంగానే అనిపించింది. కళ్ళు కూడా మళ్ళీ పరీక్ష చేయించాను, అదే నెంబరు వచ్చింది. ఇక తేలింది ఏమిటంటే, చీటీ సరైనది, అద్దం సరైనది, నేను మొండిదాన్ని.

మూడోసారి వెళ్ళినప్పుడు నేను "కనబడటం లేదు" అనలేదు. "కుడి కన్ను ఒక్కటే మసక, దూరం వస్తువులే, ఫ్రేముని ఇలా వంచితే స్పష్టం అవుతోంది" అని కౌంటర్ ముందే పెట్టుకుని చూపించాను. వెనక గదిలో అద్దాలు అరగదీసే పెద్దాయన ఆ మాట విని బయటికొచ్చాడు. "గుండ్రటి ఫ్రేమా అమ్మా?" అన్నాడు. అంతే, ఇంకేం అడగలేదు. ఫ్రేము రెండు కింది అంచులూ మెషీన్ పళ్ళెం మీద ఆనేలా కూర్చోబెట్టి చూశాడు. యాక్సిస్ 150. తీసి మళ్ళీ పెట్టాడు. 150. మూడోసారీ 150.

గుండ్రటి అద్దానికి మూల ఉండదు. చదరపు ఫ్రేములో అద్దం తిరగాలన్నా తిరగలేదు. గుండ్రటి రిమ్ములో స్క్రూ పిసరంత వదులైతే చాలు, తుడిచినప్పుడల్లా వేలితో పాటు అద్దమూ తిరుగుతుంది. పెద్దాయన చిన్న స్క్రూడ్రైవర్‌తో రిమ్ము స్క్రూ వదులు చేశాడు, అద్దం మీద మార్కర్‌తో మూడు చుక్కలు పెట్టి అడ్డగీతకు సరిపోయేలా రెండు బొటనవేళ్ళతో తిప్పాడు, బిగించాడు, మళ్ళీ మెషీన్ మీద పెట్టాడు. 165. చుక్కలు తుడిచేసి నా చేతికిచ్చాడు. మొత్తం రెండు మూడు నిమిషాల పని. నేను షాపు గుమ్మంలోంచి ఎదురుగా ఉన్న బోర్డు చదువుకుంటూ నిలబడ్డాను, ఏడుపొచ్చినంత పనైంది.

ఈ మొత్తం వ్యవహారంలో దుర్మార్గులు ఎవరూ లేరు, అది గమనించండి. వినియోగదారుల ఫిర్యాదుల కథల్లో ఎప్పుడూ ఒక మోసగాడు ఉంటాడు. నా అనుభవంలో కళ్ళద్దాల తగాదాల్లో మోసం తక్కువ, భాష తేడా ఎక్కువ. "కనబడటం లేదు" అన్న మాటతో షాపువాడు ఏమీ చేయలేడు. అది డాక్టరు దగ్గర "ఒంట్లో బాలేదు" అన్నట్టు. ఏ కన్ను, ఏ దూరం, అద్దంలో ఏ భాగం, తల ఎలా తిప్పితే మారుతోంది అని చెప్పగలిగితే అవతలివాడికి అదొక ఆచూకీ. సిలిండర్ అద్దం చరిత్రే దీనికి సాక్ష్యం. 1824 ప్రాంతంలో జార్జ్ ఎయిరీ అనే యువ గణిత శాస్త్రవేత్త, తర్వాత బ్రిటన్ రాజ ఖగోళ శాస్త్రవేత్త అయినవాడు, తన ఎడమ కన్ను చదవడానికి పనికిరావడం లేదని గమనించాడు. "కనబడటం లేదు" అనుకుని ఊరుకోలేదు. సన్నని చిల్లులోంచి వచ్చే వెలుతురు చుక్కని ముందుకీ వెనక్కీ జరిపి, ఏ దూరంలో అది ఏ దిక్కుకి గీతలా సాగుతోందో కొలుచుకున్నాడు. ఆ కొలతలు పట్టుకుని ఇప్స్‌విచ్‌లో ఒక కళ్ళద్దాల వాడిచేత అద్దం చేయించుకున్నాడు. మనం ఎయిరీ కానక్కర్లేదు. ఒక కన్ను మూసుకుని చూడటం అందరికీ వచ్చు కదా.

షాపువాళ్ళ వైపు నుంచి ఒక వాదన ఉంది, అది నేను చాలాసార్లు విన్నాను. ప్రతివాడూ ఇంటర్నెట్లో చదివొచ్చి మాకు పాఠాలు చెప్తున్నాడు, రెండు రోజులు పెట్టుకోకుండానే అద్దం తప్పంటున్నాడు అని. కాదనలేను. పాత జోడు, కొత్త జోడు మార్చి మార్చి పెట్టుకుంటూ అలవాటు కావడం లేదని గొడవచేసేవాళ్ళని నేనే చూశాను. అలా చేస్తే ఏ మెదడూ సర్దుకోదు. అయినా నా సమాధానం ఇది: కళ్ళజోడు అనేది అభిప్రాయం కాదు, కొలిచే వస్తువు. సరిగ్గా ఉందా లేదా అన్నది మాటలతో తేల్చుకునే విషయమే కాదు. మెషీన్ మీద సరిగ్గా కూర్చోబెట్టి, వచ్చిన అంకెల్ని చీటీ పక్కన రాసి చూపిస్తే నా నోరూ మూతపడుతుంది. ఆ పని చేయకుండా "అలవాటవుతుంది" అనడమే నేను ఒప్పుకోనిది.

మెషీన్‌లో పవర్, యాక్సిస్ సరిపోయినా తేడా ఉండొచ్చు, అది కొలతల్లో ఇంకో పొర. అద్దానికి నడిబొడ్డు ఉంటుంది, అది నల్లగుడ్డుకి ఎదురుగా రావాలి. రాకపోతే అద్దం ప్రిజమ్‌లా పనిచేసి చూపుని పక్కకి లాగుతుంది. ఎంత లాగుతుందో లెక్క సులువు: డయాప్టర్లని సెంటీమీటర్లలో జరిగిన దూరంతో గుణించడమే. పవర్ ఒకటి ఉన్నవాళ్ళకి మూడు మిల్లీమీటర్లు జరిగినా తెలియదు. ఆరు ఉన్నవాళ్ళకి అదే మూడు మిల్లీమీటర్లు ఒక్కో కంటికి 1.8 ప్రిజమ్ డయాప్టర్లు. అడ్డంగా జరిగితే కళ్ళు కొంతవరకు సర్దుకుంటాయి. ఒక అద్దం పైకి, ఒకటి కిందికి ఉంటే మాత్రం భరించలేవు, తలనొప్పో రెండుగా కనబడటమో మొదలవుతుంది. అందుకే రెండు నల్లగుడ్ల మధ్య దూరం, అదే పీడీ, ఆన్‌లైన్లో కొనేవాళ్ళకి ప్రాణం. చాలా చీటీల్లో అది ఉండదు. పరీక్ష చేసినచోటే అడిగి రాయించుకోండి. పవర్ ఎక్కువున్నవాళ్ళు అద్దం ముందు స్కేలు పట్టుకుని తామే కొలుచుకోవడం నాకు నచ్చదు.

ప్రోగ్రెసివ్ అద్దాల సంగతి వేరే. చత్వారం వచ్చాక అందరం అక్కడికి చేరాల్సిందే. పైన దూరం, కింద దగ్గర, మధ్యలో సన్నటి దారి, ఆ దారికి అటూ ఇటూ అలలు. ఆ అలలు తయారీ లోపం కాదు, అవి లేకుండా ఈ అద్దం తయారే కాదు. కాబట్టి ఇక్కడ "అలవాటవుతుంది" అన్న మాటకి విలువ ఎక్కువ. అయినా దీనికీ ఆచూకీ ఉంది. చదవడానికి గడ్డం బాగా పైకెత్తాల్సి వస్తోందంటే అద్దం కిందికి అమర్చారన్నమాట. దూరం చూడటానికి గడ్డం దించాల్సి వస్తోందంటే పైకి అమర్చారు. చేత్తో జోడుని రెండు మిల్లీమీటర్లు ఎత్తి పట్టుకుంటే బాగా కనిపిస్తోందా, దించితే బాగుందా చూసి అదే చెప్పండి. చాలాసార్లు ముక్కు ప్యాడ్లు సర్దితే తీరిపోతుంది. తీరకపోతే, ఆ అద్దాల మీద వెలుతురుకి వంచి చూస్తే కనబడే సన్నటి లేజర్ గుర్తులు రెండు ఉంటాయి, 34 మిల్లీమీటర్ల దూరంలో. వాటిని బట్టి షాపువాళ్ళు నల్లగుడ్డు ఎదురుగా రావాల్సిన చోట మళ్ళీ శిలువ గుర్తు గీసి, మీరు పెట్టుకున్నప్పుడు అది నల్లగుడ్డు మీదే ఉందో లేదో చూడగలరు. అడిగితే గీస్తారు. ఫ్రేము ఇంకా మొహానికి సర్దకుండానే ఎత్తు కొలిచేసే షాపులో మాత్రం ప్రోగ్రెసివ్ చేయించుకోకండి. సర్దిన తర్వాతే, మీరు మామూలుగా నిలబడి ఉండగా కొలవాలి. ఇది నా పట్టుదల, మార్చుకోను.

కొనేటప్పుడు అంటగట్టే వాటి గురించి ఎక్కువ చెప్పను. రిఫ్లెక్షన్ తగ్గించే కోటింగు నిజంగా పనికొస్తుంది. మామూలు ప్లాస్టిక్ అద్దం ఒక్కో ముఖం మీద దాదాపు 4 శాతం వెలుతురు తిప్పికొడుతుంది, పల్చటి హై ఇండెక్స్ అద్దం ఇంకా ఎక్కువ. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే మాత్రం ఆ కోటింగు పగుళ్ళు పడుతుంది, అప్పుడు షాపువాణ్ణి తిట్టి లాభం లేదు. సైటు ఒకటిన్నర ఉన్నవాళ్ళకి బాగా పల్చటి 1.74 ఇండెక్స్ అద్దం అమ్మడం మాత్రం నాకు అర్థం కాదు. ఆ పవర్‌కి పల్చదనంలో లాభం కంటికి కనబడదు సరిగదా, పక్కచూపులో అక్షరాల అంచులకి రంగులు తేలొచ్చు. బ్లూ లైట్ అద్దాల మీద 2023లో, వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 17 పరిశోధనల్ని కూర్చి చూసింది. కంప్యూటర్ ముందు కళ్ళ అలసట తగ్గించడంలో, కనీసం కొద్దికాలంలో, వాటికి మామూలు అద్దాల కంటే తేడా ఉండకపోవచ్చని తేల్చింది. కొనుక్కుంటే కొనుక్కోండి, కళ్ళ అలసట తగ్గిస్తుందని మాత్రం కొనకండి.

మూడోసారి కూడా తేలకపోతే? అప్పుడు గొంతు పెంచాలని అనిపిస్తుంది. నేను చెప్పేది, అద్దాల్ని ఇంకో షాపుకు పట్టుకెళ్ళి "ఇందులో ఏముందో రాసివ్వండి" అని అడగడం. చీటీ ముందే చూపించొద్దు. చూపిస్తే కళ్ళు ఆ అంకెల్నే వెతుక్కుంటాయి, అది మనుషుల నైజం. వాళ్ళు రాసిచ్చిన కాగితమూ మీ చీటీ పక్కపక్కన పెడితే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. అంకెలు కలవకపోతే తయారీలో. కలిసినా కనబడకపోతే అమరికలోనో, పరీక్షలోనో. నేనైతే ఈ వరసలోనే అనుమానిస్తాను: ముందు మొహం మీద అమరిక, తర్వాత అద్దం, ఆఖరున చీటీ. చాలామంది తిరగేసి మొదలుపెట్టి డాక్టరుని తిట్టడంతో ఆరంభిస్తారు. పాత జోడు కూడా తీసుకెళ్ళండి. బాగా కనిపించిన జోడు కంటే మంచి సాక్షి లేదు.

ఆ గుండ్రటి ఫ్రేము ఇప్పటికీ వాడుతున్నాను. నెలకోసారి ఎడమ కన్ను మూసుకుని కేలండర్ చూస్తాను. మొన్న చూస్తే అంకెల అంచులు మళ్ళీ కొద్దిగా నీడలాడాయి. ఫ్రేముని వంచి చూశాను, ఈసారి వంచినా తేడా లేదు. అద్దం తిరగలేదన్నమాట, కన్నే మారుతున్నట్టుంది. చదివేటప్పుడు పుస్తకాన్ని కూడా ఈమధ్య చెయ్యి చాచినంత దూరం పెడుతున్నానని ఇంట్లోవాళ్ళు గుర్తుచేశారు. సోమవారం పరీక్షకి వెళ్తున్నాను. చీటీ పుచ్చుకుని ఆ పెద్దాయన దగ్గరికే వెళ్తాను. మూల ఉన్న ఫ్రేము ఒకటి చూసి పెట్టమని.